వాదసభలో లేని మూడవ మనిషి

శ్రోతలారా,

మీకు నా ముఖము కనబడదు. కంఠము మాత్రమే వినబడుచున్నది. రేడియోలో మాటలాడువాని కిది యొక లోపమని కొంద ఱందురు. నా కట్లు తోచదు. ముఖము కనబడనప్పుడు మాటనుబట్టియే మనిషిని తూచవలసియుండును గదా! నేను మనవిచేయబోవు కథయు కంఠములనుగూర్చినదే. అమెరికా సంయుక్త రాష్ట్రముల రాజకీయములలో వాదము లేని యెన్నిక లేదు. ఆ వాదములలో నల్లజాతివారి ప్రసక్తి మాటిమాటికి వచ్చుచుండెను. కాని ఆ జాతివారి కంఠము మాత్రము చిరకాలము సభలో వినబడలేదు. వాది యొకడు, ప్రతివాది యొకడు; ఎవరినిగూర్చి వాదమో ఆ మూడవ మనిషి వాకిటికి వెలుపల నిలిచియుండెను. అతడు లోపలికి వచ్చుట కెంతకాలము పట్టినదో, రానిదినములలో ఏమి జరిగినదో, మీతో ముచ్చటింపవలెనని నా కోరిక.

నేను బడిలో చదువుకొనునప్పుడు మా వాచకమున అబ్రహాము లింకనునుగూర్చి యొక పాఠ ముండెను. కట్టెలు చీల్చి బ్రదికిన బాలుడు, పొయ్యి వెలుతురున చదువుకొన్న పేదవాడు, బానిసల సంకెళ్లు తెంచిన మహాపురుషుడు - ఇట్లు సాగెడిది ఆ పాఠము. దానిని కంఠస్థము చేసి మురిసిపోయినవారిలో నేనొకడను. పెద్దవాడ నైన పిమ్మట 1858 వ సంవత్సరమునాటి లింకను ఉపన్యాసములను చదువుటకు కూర్చుంటిని. చార్లెస్టను అను ఊర ఆయన పలికిన మాటలవద్దకు వచ్చుసరికి పుస్తకము మూసివేసితిని. చాలదినములు దానిని మరల తెఱవలేదు. ఆ మాట లెట్టివో తెలియవలెనన్న, ముందు కొంత పూర్వకథ చెప్పవలసియున్నది.

ఆ దేశపు రాజ్యాంగము 1787 వ సంవత్సరమున ఫిలడెల్ఫియా నగరమున రచింపబడెను. అందు బానిస యను మాట యెచ్చటను లేదు. కాని బానిసల లెక్క మాత్రము కలదు. ప్రతినిధిసభలో ఏ రాష్ట్రమున కెన్ని స్థానము లుండవలెనో జనసంఖ్యనుబట్టి నిర్ణయించునప్పుడు, ఐదుగురు బానిసలను ముగ్గురు మనుష్యులుగా నెంచవలెనని యొక నియమము చేసిరి. అధ్యక్షుని నెన్నుకొను ఎలెక్టరుల సంఖ్యయు ఆ స్థానములనుబట్టియే ఏర్పడెను. దీని ఫలితము చూడుడు. బానిసకు వోటు లేదు. కాని వాని తల లెక్కకు వచ్చి వాని యజమానుని వోటునకు బలము చేకూర్చెను. 1789 మొదలు 1825 వఱకు గడచిన 36 సంవత్సరములలో 32 సంవత్సరములు అధ్యక్షపీఠము వర్జీనియా రాష్ట్రపు నలుగురు పెద్దమనుష్యులదే: వాషింగ్టను, జెఫర్సను, మాడిసను, మన్రో. నలుగురును బానిసల యజమానులే. మానవు లందఱును సమానులని స్వాతంత్ర్యప్రకటనమున వ్రాసిన చేయియు జెఫర్సనుదే యని మనము మఱవరాదు.

కాలక్రమమున దేశము పడమటికి విస్తరించెను. క్రొత్తగా చేరుచున్న భూములలో బానిసత్వ ముండవచ్చునా, కూడదా యను వివాదము పుట్టెను. 1820 లో ఒక రాజీ చేసి, భూపటముమీద నొక గీత గీచి, దాని కుత్తరమున బానిసత్వము కూడదనిరి. 1854 లో ఇల్లినాయి రాష్ట్రపు సెనేటరు స్టీఫెను డగ్లసు ఒక చట్టమును తెచ్చి ఆ గీతను చెఱిపివేసెను. ఏ సీమలోని ప్రజలు ఆ సీమను గుఱించి తామే నిర్ణయించుకొందురు గాక యని ఆయన సిద్ధాంతము. వినుట కిది యెంతో న్యాయముగా నున్నది. కాని ఆయన చెప్పిన ప్రజలలో బానిసలు లేరు.

1857 వ సంవత్సరము మార్చి నెలలో సుప్రీముకోర్టు ఇంకొక యడుగు ముందుకు వేసెను. డ్రెడ్ స్కాటు అను బానిస తన యజమానునితో బానిసత్వము లేని సీమలలో కొన్నియేండ్లు నివసించెను. ఆ కారణమున తాను స్వతంత్రుడ నని దావా వేసెను. నల్లజాతివాడు ఈ దేశపు పౌరుడు కాజాలడు, కోర్టుకు వచ్చు నధికారమే వానికి లేదు, బానిసత్వమును నిషేధించు శక్తి కాంగ్రెసునకును లేదు - అని ప్రధానన్యాయాధిపతి టానీ తీర్పు చెప్పెను. న్యాయము నడుగవచ్చిన మూడవ మనిషిని గుమ్మములోనే త్రోసివేసిన తీర్పు అది.

ఇట్టి సమయమున, 1858 లో, ఇల్లినాయి సెనేటరు పదవికి డగ్లసునకు పోటీగా లింకను నిలిచెను. ఇద్దఱును కలసి ఏడు ఊళ్లలో వాదింప నొప్పుకొనిరి. ఆగస్టు 21 వ తేదీన ఒట్టావాలో మొదలై అక్టోబరు 15 వ తేదీన ఆల్టనులో ముగిసిన ఆ వాదములు అమెరికా చరిత్రమున సుప్రసిద్ధములు. మొదటివాడు గంటసేపు మాటలాడవలెను. రెండవవాడు గంటన్నర సమాధాన మీయవలెను. మరల మొదటివాడు అరగంట ప్రత్యుత్తర మీయవలెను. ఇట్లు మూడు గంటలు! ధ్వనివర్ధకములు లేని కాలము. ఎండలో, దుమ్ములో, ఒక్కొక్కచోట పదివేలకు మించిన జనము నిలువబడి వినెను. లింకను ఆఱడుగుల నాలుగంగుళముల పొడగరి; కంఠము సన్నము, కీచుగా నుండెడిది. డగ్లసు పొట్టివాడు, కంఠము గంభీరము. ఇరుపక్షముల పత్రికలును సంక్షిప్తలేఖకులను పంపి ప్రతిమాటయు వ్రాయించెను. జనుల నవ్వులు, చప్పట్లు, మధ్యమధ్య కేకలు గూడ అచ్చుపడినవి. తమ పక్షమువాని మాటలను చక్కదిద్దియు, ఎదుటివాని మాటలను తప్పులతడకగాను ప్రచురించినారని ఒకరి నొకరు నిందించుకొనిరి. పత్రికల యాచారము లానాటికే యట్లుండెను!

సెనేటరు డగ్లసు ఎత్తుగడ యొక్కటే. ఈ ప్రభుత్వమును తెల్లవారు తెల్లవారికొఱకు స్థాపించిరి. లింకను నల్లవారికి పౌరసత్వ మిచ్చి మీతో సమానులను చేయజూచుచున్నాడు - అని యూరూర చెప్పుట. ఆ దినములలో ఫ్రెడరికు డగ్లసు అను మహావక్త యుండెను. ఆయన మేరీలాండులో బానిసగా పుట్టి, 1838 లో పాఱిపోయి వచ్చి, స్వయముగా విద్య గడించి, రాచెస్టరు నగరమున పత్రిక నడుపుచుండెను. పేరులు మాత్ర మొక్కటియే గాని సెనేటరు డగ్లసున కాయన పేరు వినిన గిట్టదు. ఫ్రీపోర్టు సభలో సెనేటరు ఆయనను ప్రస్తావించి, తెల్లస్త్రీతో కలసి ఒకే బండిలో కూర్చుండి వచ్చినాడని చెప్పి జనుల రెచ్చగొట్టెను. మూడవ మనిషి సభకు వచ్చిన రీతి యిది: వక్తగా కాదు, బూచిగా.

లింకను ఏమి చెప్పెను? ఒట్టావాలో ఆయన, తన చేతులతో సంపాదించిన అన్నమును తినుటకు నల్లవానికిని నాకును సెనేటరునకును సమానమైన హక్కు కలదని ప్రకటించెను. ఆ సభలో ఆ మాట పలుకుట సామాన్యము కాదు. కాని సెప్టెంబరు 18 వ తేదీన చార్లెస్టనులో ఆయన స్వరము మాఱెను. ఆ ప్రాంతమున దక్షిణమునుండి వచ్చి స్థిరపడినవారు మెండు. అచ్చట ఆయన, నల్లవారిని తెల్లవారితో సాంఘికముగను రాజకీయముగను సమానులను చేయుట నా యభిమతము కాదు, వారికి వోటు గాని, జూరీలో స్థానము గాని, ఉద్యోగము గాని, తెల్లవారితో వివాహసంబంధము గాని ఉండవలెనని నే ననలేదు, రెండు జాతులు కలసియున్నంతకాలము ఒకటి పైన నొకటి క్రింద నుండవలసినదే, పైజాతి తెల్లజాతి కావలెనని నేనును కోరుచున్నాను - అని చెప్పెను. జనులు చప్పట్లు కొట్టిరి, నవ్విరి. ఆ నవ్వులును అచ్చుపడియున్నవి.

నేను పుస్తకము మూసివేసిన దిచ్చటనే.

చార్లెస్టను సభకు ముందుదినమున, అనగా సెప్టెంబరు 17 వ తేదీన, ప్రక్కనున్న మిస్సోరీ రాష్ట్రమునందలి సెయింట్ లూయీ నగరమున డ్రెడ్ స్కాటు క్షయవ్యాధితో మరణించెను. కోర్టులో ఓడిన పిమ్మట ఒక దయాళువు ఆయనకు విముక్తి కలిగించెను. ఒక హోటలులో మూటలు మోసి బ్రదికిన ఏడాదికి పైచిలుకు కాలమే ఆయన యనుభవించిన స్వాతంత్ర్యము. సభలో ఆయన తీర్పునుగూర్చి ఎన్ని గంటలు వాదించిరో! ఆయనను గుఱించి విచారించినవారు మాత్రము ఆ వేదికమీద నుండలేదు.

అంతియే కాదు. ఆ వాదములు జరిగిన ఇల్లినాయి రాష్ట్రమున 1853 నాటి చట్ట మొకటి అమలులో నుండెను. ఏ నల్లవాడైనను రాష్ట్రములోనికి వచ్చి పది దినములకు మించి నిలిచెనా, 50 డాలర్ల జరిమానా. చెల్లింపలేనివాని శ్రమను వేలము వేయవచ్చును. బానిసత్వము లేని రాష్ట్రమున నిట్టి చట్టము! చికాగోలో జాను జోన్సు అను నల్లజాతి దర్జీ యొకడు ఈ చట్టములను తొలగింపుడని యేండ్లతరబడి అర్జీలు వ్రాసెను, కరపత్ర మచ్చువేసెను, శాసనసభ్యుల నాశ్రయించెను. 1865 లో ఆ చట్టములు రద్దయ్యెను. 1871 లో ఆ జోన్సే తన కౌంటీకి కమీషనరుగా ఎన్నికయ్యెను. ఏడు వాదముల కథ తెలిసినవారు లక్షలు. ఈ దర్జీ కథ తెలిసినవా రెందఱు?

వాదముల ఫలితము చెప్పెదను. గేల్సుబర్గులో సెనేటరు డగ్లసు, లింకను చికాగోలో పలికిన మాటలను చార్లెస్టనులో పలికిన మాటలను ప్రక్కప్రక్కన చదివి వినిపించి, ఉత్తరమున నొకటి దక్షిణమున నొకటి చెప్పుచున్నాడని ఎత్తిపొడిచెను. కడపటి సభ యగు ఆల్టనులో లింకను తన వాదము నంతయు నొక్క ప్రశ్నకు తెచ్చెను: ఇది ధర్మమునకు అధర్మమునకు జరుగు పోరాటము, నీవు కష్టపడి సంపాదింపుము, నేను తినెదను అనుటే అధర్మము, ఆ మాట రాజు పలికినను, ఒక జాతి పలికినను ఒక్కటియే. ఆ కాలమున సెనేటరులను రాష్ట్ర శాసనసభ యెన్నుకొనెడిది. అందు డగ్లసునకు 54, లింకనునకు 46 వోట్లు వచ్చెను. లింకను ఓడెను. కాని పత్రికలలో వచ్చిన ఉపన్యాసములను కత్తిరించి అంటించి ఆయన యొక పుస్తకముగా కూర్చుకొనెను. 1860 లో అది అచ్చుపడెను. ఆ యేడు నవంబరులో జరిగిన అధ్యక్షుని యెన్నికలో 303 ఎలెక్టరుల వోట్లలో 180 లింకనునకు, 12 మాత్రమే డగ్లసునకు వచ్చెను.

ఆ యెన్నిక నడుచుచుండగా, జూలై 4 వ తేదీన, మాసచూసెట్సు రాష్ట్రమున ఫోర్డు డగ్లసు అను నల్లజాతి వక్త యుపన్యసించెను. ఈ కథలో ఈయన మూడవ డగ్లసు. వర్జీనియాలో బానిసగా పుట్టి ఇల్లినాయిలో స్థిరపడినవాడు. నల్లవారికి కోర్టులో సాక్ష్యమిచ్చు హక్కు కావలెనని తా నొక యర్జీ తీసికొనిపోగా లింకను సంతకము చేయ నిరాకరించెనని ఆయన సభలో చెప్పెను. రెండు పక్షముల యభ్యర్థులును మాకు దూరమే యని నిష్ఠురముగా పలికెను. శ్రోతలారా, మూడవ మనిషి నోరు లేనివాడు కాడు. అతని నోరు ముందునుండియు పలుకుచునే యున్నది. వినవలసినవారే వేఱొక సభలో నుండిరి.

తరువాత యుద్ధము వచ్చెను. 1863 జనవరి 1 వ తేదీన లింకను విమోచనప్రకటన గావించెను. సుమారు 1,80,000 మంది నల్లవారు సైన్యమున చేరి పోరాడిరి. ఆ యేడు ఆగస్టులో ఫ్రెడరికు డగ్లసు అధ్యక్షుని భవనమునకు వెళ్లి, నల్లసైనికులకు తెల్లసైనికులతో సమానమైన జీత మేల యీయరని ముఖాముఖిగా అడిగెను. లింకను ఆలకించెను, అంగీకరించినవి కొన్ని, అంగీకరింపనివి కొన్ని. కాని చార్లెస్టనులో నల్లవారికి వోటు వలదన్న ఆ లింకనే, 1865 ఏప్రిలు 11 వ తేదీన, తన కడపటి బహిరంగోపన్యాసమున, సైనికులుగా పనిచేసినవారికిని, వివేకవంతులకును వోటు హక్కు ఇచ్చుట మంచిదని చెప్పెను. అధ్యక్షుడైనవాడు ఆ మాట బహిరంగముగా పలుకుట అదియే మొదలు. ఆ గుంపులో బూతు అను నటు డుండి దానిని వినెను. మూడు దినముల తరువాత ఆయననే కాల్చి చంపెను.

ఈ సంగతి తెలిసినపిమ్మట నేను మూసివేసిన పుస్తకమును మరల తెఱచితిని. లింకనును మాఱ్చిన దేది? ఆయన మంచితన మొక్కటియే కాదు. ఏడు వాదములలో ఆయన యెదుట లేని మనిషి, యుద్ధకాలమున ఆయన యెదుటికి వచ్చి కుర్చీలో కూర్చుండెను. అదియే కారణమని నా నమ్మకము.

లింకనును తూచుట నాకు నేర్పినవాడు ఫ్రెడరికు డగ్లసు. 1876 ఏప్రిలు 14 వ తేదీన వాషింగ్టను నగరమున లింకను విగ్రహము నావిష్కరించిరి. దానికి ధనమిచ్చినవారు విముక్తులైన బానిసలు; మొదటి విరాళము షార్లెటు స్కాటు అను నామె యిచ్చిన 5 డాలర్లు. అధ్యక్షుడు గ్రాంటు సభలో నుండెను. అట్టి సభలో డగ్లసు ముఖస్తుతి చేయలేదు. లింకను ముందుగా తెల్లవారి అధ్యక్షుడు; మేము ఆయనకు సవతిబిడ్డలమే యని చెప్పెను. మా దుఃఖముతో కొలిచినచో ఆయన మందగతి, కాని తన ప్రజల మనస్సుతో కొలిచినచో వేగముగలవాడే యని న్యాయము చెప్పెను. ఆ విగ్రహమున లింకను నిలుచుండగా, నల్లవాడు మోకాళ్లమీద నున్నాడు. కొన్ని దినములకు డగ్లసు ఒక పత్రికకు లేఖ వ్రాసి, తన కాళ్లమీద తాను నిలువబడిన నల్లవాని ప్రతిమను చూడవలెనని నాకున్నదని తెలిపెను. మహాపురుషుని నిందింపక, దేవుని చేయక, ఉన్నది యున్నట్లు చెప్పుట యెట్లో ఆ రెంటిని చదివి నేర్చుకొంటిని.

అప్పటికి చట్టములలో సమస్తము మాఱియుండెను. 1865 లో బానిసత్వము రద్దయ్యెను. 1868 లో పౌరసత్వము వచ్చెను. 1870 లో వర్ణకారణమున వోటు హక్కును తిరస్కరింపరాదని రాజ్యాంగము సవరింపబడెను. మిసిసిపీ రాష్ట్రమునుండి నల్లజాతివారు సెనేటునకు వెళ్లిరి. కాని దక్షిణమున తుపాకులు పట్టిన దండులు వోటర్లను బెదరించుచుండెను. 1876 జూలైలో దక్షిణ కెరొలైనాలోని హాంబర్గు అను ఊర నల్లవారిని పట్టి చంపిరి. అంతకు కొలదిదినములముందు సిన్సినాటీలో జరిగిన రిపబ్లికను పక్షమహాసభలో ఫ్రెడరికు డగ్లసు నిలువబడి, మీరు మాకు విముక్తి నిచ్చితిరి, వోటు నిచ్చితిరి; తుపాకిగుండ్లకు వెఱచి వోటు వేయలేనప్పుడు ఆ విముక్తి విలువ యెంత యని ప్రశ్నించెను. ఈ మాఱు మూడవ మనిషి సభలోనే యుండెను. సభ చప్పట్లు కొట్టెను. తరువాత నేమి జరిగెనో వినుడు.

నవంబరులో హేసు అను రిపబ్లికను అభ్యర్థికిని, టిల్డెను అను డెమొక్రాటికు అభ్యర్థికిని ఎన్నిక జరిగెను. గెలుచుటకు 185 ఎలెక్టరుల వోట్లు కావలెను. టిల్డెనునకు 184 వచ్చెను, హేసునకు 165. మిగిలిన 20 వివాదమున పడెను. అందు 19 దక్షిణపు మూడు రాష్ట్రములవి: ఫ్లారిడా, లూసియానా, దక్షిణ కెరొలైనా. పదునైదుగురు సభ్యుల సంఘము విచారించి, ఎనమండుగు రొకప్రక్క ఏడుగు రొకప్రక్క నిలువగా, అన్నియు హేసునకే చెందునని నిర్ణయించెను. ఆ నిర్ణయమునకు దక్షిణపు పెద్దలు ఊరక తలయొగ్గుదురా? 1877 ఫిబ్రవరి 26 వ తేదీన వాషింగ్టనులోని వర్మ్‌లీ హోటలులో ఇరుపక్షములవారు రహస్యముగా మాటలాడుకొనిరి. మార్చి 2 వ తేదీన హేసు గెలిచినట్లు ప్రకటించిరి. ఏప్రిలులో దక్షిణపు రాజధానులలో శాసనసభాభవనములకు కావలియున్న సైనికులు వైదొలగిరి. ఆ రాష్ట్రములు పాతయజమానుల చేతిలో పడినవి. నాటి మాటలు ఎంతవఱకు ఒప్పందము, ఎంతవఱకు అవగాహన యని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. ఫలితముమీద మాత్రము వాదము లేదు. మఱియొక సంగతి: ఆ హోటలు యజమాని జేమ్సు వర్మ్‌లీ నల్లజాతివాడు! ఇల్లు ఆయనది, ఆ గదిలో మాత్రము ఆయన జాతి కొక్క కుర్చీ లేదు.

ఆ పిమ్మట దక్షిణ రాష్ట్రములు వోటునకు పన్ను విధించెను. రాజ్యాంగములోని వాక్యమునకు అర్థము చెప్పుమని పరీక్షలు పెట్టెను. అర్థము సరియో కాదో నిర్ణయించువాడు తెల్లగుమాస్తా. 1896 లో లూసియానాలో 1,30,334 మంది నల్లవారు వోటర్లు. 1904 లో 1,342 మంది. లక్షమందికి పైగా కంఠములు ఎనిమిదేండ్లలో మూగవోయినవి. రాజ్యాంగమున మాత్రము ఒక్క యక్షరమైనను మాఱలేదు!

ఇట్లు ఎనుబదియేండ్లకు పైగా గడచెను. 1960 లో కెన్నెడీ నిక్సనులు టెలివిజనులో వాదించిరి. తొలివాదము జరిగిన దా ఇల్లినాయి రాష్ట్రపు చికాగోలోనే. దేశమంతయు చూచెను. ఆ యెన్నికలో మిసిసిపీ నల్లవారిలో వోటు వేయగలిగినవారు మిక్కిలి కొలదిమంది. నాలుగేండ్ల తరువాత, 1964 లో గూడ, నూటికి ఏడుగురైనను వోటర్లపట్టికలో లేరు.

ఆ మిసిసిపీలో ఫానీ లూ హేమరు అను నామె యుండెను. పంటలో పాలుకు సేద్యము చేయు కుటుంబమున ఇరువదిమంది సంతానములో కడగొట్టుబిడ్డ. 1962 ఆగస్టులో వోటరుగా పేరు వ్రాయించుకొనుటకు వెళ్లినందుకు, 18 సంవత్సరములు పనిచేసిన తోటనుండి యజమాను డామెను వెడలగొట్టెను. మఱుసటియేడు ఒక జైలులో పెట్టి కొట్టించిరి. ఆ దెబ్బల బాధ ఆమెను జీవితాంతము విడువలేదు. 1964 ఆగస్టు 22 వ తేదీన అట్లాంటిక్ సిటీలో డెమొక్రాటికు పక్షమహాసభయొక్క అర్హతల సంఘమున, కెమేరాల యెదుట, ఆమె తన కథను చెప్పెను. కాగితము లేదు, అలంకారము లేదు. ఆమె చెప్పుచుండగనే అధ్యక్షుడు జాన్సను అకస్మాత్తుగా పత్రికాసమావేశ మొకటి పిలిచి, కెమేరాలను తనవైపునకు త్రిప్పుకొనెను. కాని ఆ రాత్రి వార్తలలో ఆమె మాటలను దేశమంతయు వినెను. తెల్లవారే నిండిన మిసిసిపీ ప్రతినిధివర్గమునకు మాఱుగా తమకు స్థానమీయవలెనని ఆమె పక్షమువా రడుగగా, రెండు స్థానములిత్తు మనిరి. రెండు స్థానములకొఱ కింతదూరము రాలేదని వారు నిరాకరించిరి. ఆ సభలో వా రోడిరి. కాని 1965 ఆగస్టు 6 వ తేదీన ఆ జాన్సనే వోటు హక్కుల చట్టముమీద సంతకము చేసెను. 1967 నాటికి మిసిసిపీ నల్లవారిలో నూటికి సుమారు 60 మంది వోటర్లైరి. 1968 లో చికాగోలో జరిగిన మహాసభలో హేమరు ప్రతినిధిగా కూర్చుండెను.

ఈ కథ మన కేల యని మీలో నెవరైన నడుగవచ్చును. 1913 మొదలు 1916 వఱకు న్యూయార్కులో చదివిన అంబేడ్కరుగారు దీనిని శ్రద్ధతో పరిశీలించిరి. 1946 లో నల్లజాతి పండితుడు డు బాయిసునకు లేఖ వ్రాసి, మీ జాతి స్థితికిని మా యంటరానివారి స్థితికిని ఎంతో పోలిక కలదనిరి. మఱియొక సంబంధ మింకను దగ్గఱది. 1923 లో ఆ దేశపు సుప్రీముకోర్టు, భారతీయుడు తెల్లవాడు కాడు గనుక పౌరసత్వమున కర్హుడు కాడని తీర్పు చెప్పెను. 1946 నాటి చట్టము భారతీయులకు పౌరసత్వ మిచ్చెను గాని, ఏటికి నూఱుమందినే రానిచ్చెను. 1965 అక్టోబరు 3 వ తేదీన వచ్చిన వలసల చట్టము ఆ కట్టుబాటును తొలగించెను. వోటు హక్కుల చట్టమును చేసిన కాంగ్రెసే దానిని చేసెను. ఆ రెంటిని ముందుకు త్రోసిన గాలి యొక్కటియే. నేడు అమెరికాలో ఇండ్లు కట్టుకొని, బిడ్డలను పెంచుకొనుచున్న మన తెలుగువారు ఏ తలుపుగుండ లోపలికి వెళ్లిరో, ఆ తలుపును తెఱపించినవారిలో మిసిసిపీ పత్తిచేలలోని కూలివారు గూడ నున్నారు. ఆ ఋణమును మఱచుట మనకు తగదు.

2007 ఫిబ్రవరి 10 వ తేదీన ఇల్లినాయి రాజధాని స్ప్రింగుఫీల్డులో, 1858 లో లింకను సెనేటు పోటీకి నిలిచి యుపన్యసించిన భవనముముందే, బరాకు ఒబామా అధ్యక్షపదవికి పోటీ చేయుదునని ప్రకటించెను, మఱుసటియేడు గెలిచెను. దానితో కథ ముగిసినదని పలువు రనిరి. ముగియలేదు. 2013 లో సుప్రీముకోర్టు అయిదుగురికి నలుగురు కాగా, వోటు హక్కుల చట్టములోని ముఖ్యభాగ మొకదానిని కొట్టివేసెను. వోటు నియమములను మార్చుటకు ముందుగా కేంద్రమువారి యనుమతి పొందవలసిన రాష్ట్రములు ఆ కట్టడినుండి విడివడెను. పిమ్మట జరిగిన ప్రతి యెన్నికలోను వోటరు నియమములే ఒక వివాదమైనవి. 1877 లో సైనికులు వైదొలగినప్పుడును రాజ్యాంగ మట్లే యుండెనని మీకు జ్ఞాపక ముండును గదా! హక్కు వ్రాయుట యొక పని. దానికి కావలియుండుట మఱియొక పని. రెండవపని కెన్నడును సెలవు లేదు.

కావున, శ్రోతలారా, ఏ దేశమునందైనను, మన యూరి పంచాయతీలోనైనను, ఇద్దఱు పెద్దలు ఒక మూడవవానిని గుఱించి వాదించుచుండగా మీరు విన్నచో, ఎవరి మాట చమత్కారముగా నున్నదని మాత్రమే చూడకుడు. ఆ మూడవ మనిషి యెచ్చట నున్నాడని అడుగుడు. అతని కొక కుర్చీ వేయుమని చెప్పుడు. అతడు వచ్చి కూర్చుండువఱకు ఆ వాదము పూర్తి యైనదని యొప్పుకొనకుడు.